బాణం గుర్తు

ధర్మాబాద్‌ల మా కారం గిర్నికి
పంక ఒక్కటే.
గోడ నడిమిట్ల, ఎద్దుబండి గీరంత.
లోపలి ఘాటును బయటికి ఎల్లగొట్టుడే దాని కొలువు.

హోలీ ముంగట దాని మోటరు కాలింది.
మారోతి మిస్త్రీ వచ్చి ఇప్పుకపొయిండు.
నాలుగొద్దులన్నడు,
పందొమ్మిది వట్టె.
అన్ని దినాలు మేం ఏడుగురం ఆడోళ్లం
తడి తువ్వాలలు మూతికి సుట్టుకొని
కండ్లతోనే మాట్లాడుకున్నం,
మంట పుట్టేది సుత ఆ కండ్లల్లనే.

తెచ్చిండు.
నీలం రంగు ఏసి తెచ్చిండు.
తుప్పు మీదనే రంగు, జిడ్డు మీదనే రంగు,
ఒక సాలెపురుగు సుత నీలంగ అతుక్కొని ఉండె.
నాలుగు బోల్టుల జాగల మూడు బిగిచ్చి
నాలుగోది జేబుల ఏసుకున్నడు.
బటను ఒత్తిండు. తిరిగింది.
"ఝాలా" అని చేతులు తుడుసుకున్నడు,
దండెం మీది మా తువ్వాలకే.

ఎన్కసిరి నర్సాబాయి తుమ్మింది.
తర్వాత నేను, తర్వాత వరుసకు వరుస.
పంక గాలి బయటికి పోతలేదు.
రోడ్డు దుమ్మును లోపలికి గుంజి
మా కారాన్ని మా మొఖాలకే
చాటతోని చెరిగినట్టు కొడుతుంది.

"ఉల్టా తిరుగుతుంది మిస్త్రీ" అన్న.
"తిరుగుతుంది గదా" అన్నడు.

గడియారం ఎనకకు నడిస్తె సుత
నడుస్తుంది గదా అంటడు గావచ్చు వీడు.

మోతీలాల్ సేట్ అద్దాల తలుపు అవతల ఉంటడు.
బిల్లు తీసి సూపిచ్చిండు.
వైండింగు, కొత్త బేరింగులు, రంగు, రానుపోను ఆటో.
(ఆ కొత్త బేరింగులు ముసలి పిల్లి లెక్క మూలుగుతనే ఉన్నై.)
కింద మారోతి సంతకం, పక్కన ఓకే.
"కాయితంల ఓకే ఉన్నది" అన్నడు సేట్.
కాయితానికేంది, అది తుమ్మదు.

ఒకనాడు తిండి యాళ్ల, అందరు ఇండ్లకు పోయినంక,
పంక చట్రం మీది రంగును గోరుతోని గీకిన.
నీలం కింద కారం.
కారం కింద జిడ్డు.
జిడ్డు కింద, ఇనుములనే పోత పోసి, బాణం.
ఇటు తిరగాలె అని.
సదువు రాని నాకు సుత తెలిసే బాణం.
ఏ ఊరోడో, ఏ కార్ఖానల పోసినోడో,
నా అసుంటి దాన్ని తలుసుకొనే పోసినట్టున్నడు.

ఫోన్ల చెప్పిన మారోతికి.
"రెండు వైర్లు అటిటు మారిస్తె అయితది మావశీ,
రెండు నిమిషాల పని, రేపొస్త" అన్నడు.
అంటే ఎరికే వానికి.
ఆ రెండు నిమిషాలు ఉగాది దాటినా రాలే.

పండుగ అయిన వారానికి గాలివాన.
ట్రాన్స్‌ఫార్మర్ పేలి రాత్రంత ఊరు చీకటి.
తెల్లారి లైన్‌మన్ వానఖేడే స్తంభమెక్కి
ఏ వైరు దేనికి కలిపిండో,
కరెంటొచ్చింది, మా గిర్నిల అంతా ఉల్టా.
ఎలివేటరు బకెట్లు బోర్లపడి దిగుతున్నై,
మిరపకాయలు మోసినకాడికే మర్లి వస్తున్నై,
సేట్ చెప్పులు లేకుంట ఉరికొచ్చిండు.

పంక ఒక్కటే సీదా.
బాణం ఎటో అటు.

"బంద్ కరో" అని ఒర్లిండు. అన్ని బటన్లు ఆపినం.
పంక బటను మీదికి నా చెయ్యి పోలే.
కారం లేదు, పొగ లేదు,
బయటికి పంపుటానికి ఏం లేదు.
అయినా ఏడుగురం పోయి పంక కాడ నిలవడి
తువ్వాలలు ఇప్పినం.
నర్సాబాయి ముక్కుకు కొత్త పుడక.
"ఎప్పుడు తీస్కున్నవే?"
"హోలీకి."

సేట్ ఫోన్ చేస్తె
వానఖేడే ఆధా గంటల మళ్ల స్తంభమెక్కిండు.
గిర్ని సీదా అయింది.
మేం తువ్వాలలు తడుపుకున్నం.